నిండు పంచెయా, కురుచ పంచెయా?



పోయిన మాఘమాసమున మణికొండలో మా బంధువుల యింట వివాహము జరిగినది. ఒకప్పుడు గుట్టల నడుమ జాగీరు గ్రామముగా నుండిన మణికొండ నేడు అంతస్తుల మేడలతోను, గచ్చిబౌలి కార్యాలయములలో పనిచేయు యువకులతోను నిండియున్నది. పెండ్లికుమారుడును అట్టి యుద్యోగియే. అతని తాతగారు ఊరినుండి పది మూరల ధోవతుల చాపు తెచ్చిరి. మనుమడు దానిని విప్పి చూచి, “తాతా, ఇంత గుడ్డ నేనెట్లు మోయుదును? నాలుగు మూరలది చాలదా?” అనెను. “బిడ్డా, గోచీ లేకుండ పీటలమీద కూర్చుందువా?” అని వృద్ధుడు చిన్నబోయెను. ముహూర్తము రెండు దినములలో నుండగా తాతామనుమలు మాటలాడుట మానిరి. ఇట్టి తగవు మీ యిండ్లలోను రాకపోదు. కావున దానిని గూర్చి నాలుగు మాటలు చెప్పెదను.

మూర యనగా మోచేతినుండి నడిమివ్రేలి కొనవఱకు గల పొడవు. ఇంచుమించు 18 అంగుళములు. నాలుగు మూరల వస్త్రము 72 అంగుళములు. అది అడ్డపంచెకు సరిపోవును గాని గోచీకి చాలదు. గోచీకట్టులో గుడ్డ నడుమును చుట్టవలెను. ఒక కొస కుచ్చెళ్లుగా మడిచి కాళ్లనడుమనుండి వెనుకకు తీసి దోపవలెను. రెండవ కొస ముందు కుచ్చెళ్లుగా దిగవలెను. ఈ మూడు పనులకు ఎనిమిది మూరలైన నుండవలెను. లావుపాటివారికిని పొడగరులకును తొమ్మిది, పది కావలెను. నడుముచుట్టునకు అదనముగా పోయిన ప్రతి యంగుళమును కుచ్చెళ్లలో తగ్గును. చాలని గుడ్డతో గోచీ పెట్టినచో కూర్చుండునప్పుడు బిగిసి వీడిపోవును. తాతగారి భయ మిదియే.

అయితే మనుమని బాధయు అబద్ధము కాదు. అతడు జంకినది బరువునకు. తాత కోరినది పొడవును. ఈ రెండును ఒకటి కావు. నూలునకు నంబరు కలదు. నంబరు పెరిగినకొలది దారము సన్నమగును. ఒకే పొడవు గల దారములలో 40 నంబరుది అయిదు పాళ్లు తూగినచో 100 నంబరుది రెండు పాళ్లే తూగును. శ్రీకాకుళము జిల్లా పొందూరులో వాలుగచేప దవడపండ్లతో ప్రత్తిని దువ్వి, సన్నని నూలు వడకి నేయు ఖద్దరు పంచె పది మూరలున్నను చేతికి తేలికగానే యుండును. తేలికదనము కోరువారు పొడవును కోయనక్కఱలేదు. నూలు మార్చిన చాలును.

కురుచ వస్త్రము హీనమని నా భావము కాదు. పేదలకు నిండు ఖద్దరు కొను స్తోమత లేదని తలచియే గాంధీమహాత్ముడు 1921 సెప్టెంబరులో మదురైలో కొల్లాయి ధరించెను. స్కాట్లండు దేశమందును ఎనిమిది గజముల నిండు కిల్టు మేలా, ఐదు గజముల తేలిక కిల్టు మేలా యను చర్చ కలదు. అచట నేడు సంప్రదాయమనుకొను కిల్టు సైతము, దుప్పటివలె భుజమువఱకు కప్పిన పూర్వపు పెద్ద వస్త్రము 18వ శతాబ్దిలో కురుచయై యేర్పడినదే. పొలముగట్టున అడ్డపంచెయే అనుకూలము. పీటలమీద నిండు పంచెయే నిలుచును. పనిని బట్టి కొలత.

కొనునపుడు మడత విప్పించి టేపుతో కొలిపింపుడు. ఎనిమిది మూరలు ఇంచుమించు 3.66 మీటర్లు, తొమ్మిది 4.11, పది 4.57. క్రొత్త నూలుగుడ్డ మొదటి యుతుకులో కొంత కుంచించును గనుక నాలుగంగుళములు అధికముగా నుండనిండు. ఒకమారు ఉతికి గంజి దిగిన పిదప కట్టినచో కుచ్చెళ్లు జారవు.

ఆ యింట తుదకు తొమ్మిది మూరల సన్ననూలు పంచె తెచ్చిరి. పెండ్లికి ముందటి సాయంకాలము తాతగారే మనుమనిచేత మూడుమార్లు కట్టించి, విప్పించి, మరల కట్టించిరి. మఱునాడు వరుడు పీటలమీద నిశ్చింతగా కూర్చుండెను. అతడు మోయజాలననినది నిజముగా గుడ్డను కాదు, తెలియని కట్టును. కట్టుట నేర్పని తాత, కట్టుకొనని మనుమని నిందింపరాదు. మీ పెట్టెలోని పంచెను పండుగదాక దాచక, ఈ వారమే పిల్లవానిని పిలిచి కట్టి చూపుడు.