హింసను చూచే కన్ను – కఠినమయ్యే హృదయం

మొదటి ఖుత్బా

సమస్త స్తోత్రాలూ అల్లాహ్‌కే. మనకు చూచే కన్నును ప్రసాదించినవాడు, ఆ కన్ను వెనుక కరిగే హృదయాన్ని అమర్చినవాడు ఆయనే. ఆయన అంతిమ ప్రవక్త హజ్రత్ ముహమ్మద్ (స) పైన, వారి కుటుంబీకులపైన, సహాబాలందరిపైన శాంతీ శుభాలూ వర్షించుగాక!

ప్రియమైన ధార్మిక సోదరులారా! పై అంతస్తులో కూర్చుని వింటున్న తల్లులారా, సోదరీమణులారా! ముందుగా మాకు మేము, ఆ తరువాత మీకందరికీ, అల్లాహ్ పట్ల భయభక్తులతో మెలగమని హితవు చెప్పుకుంటున్నాము. చెవినీ, కంటినీ, హృదయాన్నీ గురించి ప్రళయదినాన ప్రశ్నించడం జరుగుతుందని దివ్య ఖుర్‌ఆన్‌లోని బనీ ఇస్రాయీల్ సూరా హెచ్చరిస్తున్నది. నాలుకకు లెక్క ఉన్నదని మనం తరచుగా చెప్పుకుంటాము. కంటికీ లెక్క ఉన్నదన్న సంగతిని మాత్రం మరచిపోతాము. నేటి ప్రసంగం ఆ లెక్కను గురించినదే.

2019 మార్చి 15. అది కూడా శుక్రవారమే. న్యూజిలాండ్ దేశంలోని క్రైస్ట్‌చర్చ్ నగరంలో, జుమా వేళ, ఒక దుర్మార్గుడు రెండు మస్జిదులలో తుపాకులతో కాల్పులు జరిపాడు. 51 మంది ప్రాణాలు కోల్పోయారు. వారిలో అందరికంటే చిన్నవాని వయస్సు 3 ఏండ్లు. మన హైదరాబాదు బిడ్డలు కూడా ఆ మృతులలో ఉన్నారు. హంతకుడు తన తలకు కెమెరా తగిలించుకొని, దాదాపు 17 నిమిషాల పాటు ఆ ఘోరాన్ని ఫేస్‌బుక్‌లో ప్రత్యక్షంగా ప్రసారం చేశాడు. మొదటి 24 గంటలలో ఆ దృశ్యానికి సంబంధించిన 15 లక్షల వీడియోలను తొలగించినట్లు ఆ సంస్థ ప్రకటించింది. అంటే, అన్నిసార్లు ఎవరో ఒకరు ఆ నెత్తుటి దృశ్యాన్ని మళ్ళీ లోకం మీదికి వదలాలని ప్రయత్నించారన్నమాట. ఆ అందరూ మన శత్రువులేనా? కాదు, సోదరులారా! మనవారి ఫోన్లలోనూ అది తిరిగింది.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పవలసి ఉన్నది. ఆ రోజు సాయంత్రం మా ఫోన్‌కు కూడా అది వచ్చింది. పంపినవారు మస్జిదుకు వచ్చే మంచి మనిషే. కింద ఏడుస్తున్న బొమ్మ కూడా పెట్టారు. మేము దానిని తెరిచాము. కొన్ని క్షణాలు చూచి ఆపివేశాము. ఆపిన తరువాత మళ్ళీ తెరిచాము. ఆ రెండవసారి ఎందుకు తెరిచామో మా వద్ద జవాబు లేదు. జరిగినదేమిటో మొదటిసారే తెలిసిపోయింది. మళ్ళీ చూచినందువల్ల మృతులకు గాని, వారి కుటుంబాలకు గాని ఒరిగినదేమీ లేదు. ఆ తరువాత ఎన్నో వారాలు నమాజు చదివిస్తుండగా వెనుక తలుపు చప్పుడైతే మా ఖిరాఅత్ తడబడేది. ఆ శిక్షకు మేము అర్హులమేనని మాకు తోచింది.

అందువల్ల నేడు మేము ఎవరినీ వేలెత్తి చూపుతూ మాట్లాడడం లేదు. హింస అంటే మనిషికి భయం కదా, అసహ్యం కదా! మరి దాని వైపే కన్ను ఎందుకు పరుగెత్తుతుంది? రక్తం చిందే సినిమాకు బారులు ఎందుకు తీరుతాము? వీధిలో ఇద్దరు కొట్టుకుంటే చేతిలోని పని వదిలి ఎందుకు నిలబడతాము? ఈ ప్రశ్నను మనలో మనమే తేల్చుకోవాలి.

మొదటి కారణం మన పుట్టుకలోనే ఉన్నది. ప్రమాదాన్ని గుర్తుపట్టి ప్రాణం కాపాడుకోవడానికి అల్లాహ్ మనిషిలో జాగరూకతను ఉంచాడు. కేక వినిపిస్తే తల తిరుగుతుంది, నెత్తురు కనిపిస్తే చూపు ఆగుతుంది. ఇది పాపం కాదు. అయితే దైవప్రవక్త (స) హజ్రత్ అలీ (రజి)కి ఒక ఉపదేశం చేశారు. అనుకోకుండా పడిన మొదటి చూపు మన్నించదగినదనీ, దాని వెంట మరో చూపును పంపే హక్కు లేదనీ దాని భావం. ఆ ఉపదేశం పరస్త్రీలను చూచే విషయంలో వచ్చినదే. కాని అందులోని నియమం కంటికంతటికీ పనికివస్తుంది. మొదటి చూపు స్వభావం. రెండవది మన ఎంపిక. మేము తప్పిపోయినది ఆ రెండవ చూపు దగ్గరే.

రెండవ కారణం, క్షేమంగా కూర్చుని భయపడడంలోని రుచి. తెర మీద మరణం సంచరిస్తుంది, మన కుర్చీ మాత్రం కదలదు. గుండె దడదడలాడుతుంది. అంతా ముగిశాక, ఆపద మనకు రాలేదన్న తేలికదనం కలుగుతుంది. ఆ తేలికదనం మత్తు వంటిది. నిన్న సరిపోయిన మోతాదు నేడు చాలదు. నిన్న కత్తిని చూచి ఉలికిపడినవాడు నేడు తెగిన మెడను చూచి కూడా చేతిలోని పాప్‌కార్న్ ఆపడు.

మూడవ కారణం లోతైనది. అది అణచుకున్న ఆగ్రహం. పనిలో యజమాని అవమానిస్తాడు, కచేరీలో గుమాస్తా తిప్పి పంపుతాడు, అప్పు ఇచ్చినవాడు నలుగురిలో నిలదీస్తాడు. ఎదురు చెప్పలేని మనిషి సాయంత్రం తెర ముందు కూర్చుంటాడు. అక్కడ కథానాయకుడు ఒక్కడే వందమందిని కొడుతుంటే, ఆ దెబ్బలు తానే కొడుతున్నట్లు భావిస్తాడు. 1999 మొదలుకొని రాయలసీమ పేరుతో వరుసగా వచ్చిన ఫ్యాక్షన్ చిత్రాలలో వేటకొడవలి లేచినప్పుడల్లా ఈలలు మ్రోగాయి. నిజమైన సీమ పల్లెలలో ఆ పగలు మిగిల్చినది వితంతువులనూ, తండ్రిలేని పిల్లలనూ. వారి కోసం మాత్రం ఎవరూ ఈల వేయలేదు.

హిజ్రీ 505లో పరమపదించిన ఇమాం గజాలీ (రహ్మ) కోపాన్ని వేటకుక్కతోను, కోరికను గుర్రంతోను, వివేకాన్ని స్వారీ చేసే వేటగానితోను పోల్చారు. వేటగాడు నేర్పరి అయితే కుక్క అతని మాట వింటుంది. కుక్కే ముందు పరుగెత్తితే వేటగాడు దాని వెంట ఈడ్వబడతాడు. ఇస్లాం మనలోని కుక్కను చంపమనలేదు. అన్యాయం చూచి ఆగ్రహించని వానిలో విశ్వాసం బలహీనమే. కాని ప్రతి రాత్రీ ఆ కుక్కకు పచ్చినెత్తురు రుచి చూపుతూ, పగటిపూట అది సాధువుగా ఉండాలని కోరుకోవడం వివేకమేనా?

నాలుగవ కారణం, అందరూ చూచినది మనమూ చూడాలన్న ఆరాటం. మరునాడు టీ కొట్టు దగ్గర నలుగురూ మాట్లాడుకుంటే మనం మౌనంగా ఉండలేము. ఈ బలహీనతను ఎరిగిన వ్యాపారులు ఉన్నారు. మన కన్ను తెర మీద ఎంతసేపు నిలిస్తే వారికి అంత రాబడి. మనం సరుకును చూస్తున్నామనుకుంటాము. నిజానికి అక్కడ అమ్ముడుపోయే సరుకు మన చూపే.

సోదరులారా! ఇంతమాత్రాన ఇస్లాం బలప్రదర్శనను నిషేధించిందని భావించకండి. పండుగనాడు అబిసీనియా దేశీయులు మస్జిదె నబవీలోనే బల్లేలతో విన్యాసాలు చేశారు. దైవప్రవక్త (స) స్వయంగా వాటిని హజ్రత్ ఆయిషా (రజి)కు చూపించారు, ఆమెకు తనివితీరేదాకా అలాగే నిలబడ్డారు. విలువిద్యను, గుర్రపు స్వారీని ప్రోత్సహించారు. నైపుణ్యం వేరు, మరొక ప్రాణి బాధలో ఆనందం వెదకడం వేరు. ఈ రెంటి నడుమ గీత ఎక్కడున్నదో హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) జీవితంలోని ఒక సంఘటన చూపుతుంది.

ఆయన ఒకనాడు నడిచి వెళ్తుండగా ఖురైష్ యువకులు కొందరు ఒక పక్షిని కట్టివేసి, దానిని గురిగా చేసుకొని బాణాలు వేస్తున్నారు. గురి తప్పిన ప్రతి బాణమూ పక్షి యజమానికి చెందాలన్నది వారి ఒప్పందం. ఆయనను చూడగానే వారు చెల్లాచెదురయ్యారు. ప్రాణమున్న దానిని గురిగా చేసుకునేవారిని దైవప్రవక్త (స) శపించారని ఆయన తెలియజేశారు. గమనించండి! వారు ఆకలితో వేటాడలేదు, పగతోనూ చేయలేదు. కాలక్షేపం కోసమే ఆడారు. ఆ కాలక్షేపమే శాపానికి కారణమయింది. జంతువులను ఒకదానిపై మరొకదానిని ఉసిగొల్పి పోరాడించడాన్ని కూడా ప్రవక్త (స) నిషేధించారు. అయినా సంక్రాంతి రోజులలో గోదావరి జిల్లాల బరుల చుట్టూ, కోడి కాలికి కత్తి కట్టే చోట, మన యువకులు కూడా కనిపిస్తున్నారు. పందెం కాయలేదు, చూడడానికే వెళ్ళామంటారు. చూచేవారు లేని బరి ఎన్నాళ్ళు నిలుస్తుంది?

హింసను చూచే ప్రతివాడూ హంతకుడవుతాడని మేము అనడం లేదు. ఆ విషయమై పరిశోధకుల మధ్య వాదోపవాదాలు ఉన్నాయి. ఫోన్‌లో తుపాకుల ఆట ఆడే పిల్లలలో అత్యధికులు చీమకు కూడా హాని చేయరు. విశ్వాసి అడగవలసిన ప్రశ్న అంతకంటే సూక్ష్మమైనది. ఇది చూచాక నా హృదయం మెత్తబడిందా, గట్టిపడిందా? హృదయాలు రాళ్ళవలె, అంతకంటే కఠినంగా మారిపోయిన ఒక జాతి ఉదంతాన్ని ఖుర్‌ఆన్ మన ముందుంచింది. రాతినుండైనా నీటి ఊట పుడుతుంది. అలవాటుపడిన కంటినుండి కన్నీరు పుట్టదు.

ఈ మాటలు చెప్పి, మా కోసం, మీ కోసం, విశ్వాసులందరి కోసం అల్లాహ్‌ను క్షమాభిక్ష వేడుకుంటున్నాము. మీరు కూడా వేడుకోండి. నిశ్చయంగా ఆయన క్షమించేవాడు, కరుణించేవాడు.

రెండవ ఖుత్బా

అల్లాహ్‌కే స్తోత్రం. ఆయన ప్రవక్త (స) పై శాంతి కలుగుగాక!

సోదరులారా! చూడడం చూడడంతోనే ఆగిపోతుందని అనుకునేవారు 2018 సంవత్సరాన్ని గుర్తు చేసుకోవాలి. పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో వదంతులు, వీడియోలు వ్యాపించాయి. వాటిలో ఒకటి కరాచీలో పిల్లల భద్రతపై అవగాహన కోసం తీసిన చిత్రం నుండి కత్తిరించిన ముక్క. దానిని నిజమని నమ్మారు. ఆ మే నెలలో, అదీ పవిత్ర రంజాన్ మాసంలో, మన హైదరాబాదులోని చాంద్రాయణగుట్టలో ఒక గుంపు ఒక హిజ్రాను కొట్టి చంపింది. ఉపవాస మాసంలో, అజాన్ వినిపించే వీధులలో ఈ ఘోరం జరిగింది. విన్న ప్రతి మాటనూ ఇతరులకు చేరవేయడమే మనిషి అబద్ధాలకోరు కావడానికి చాలునని హదీసు బోధిస్తున్నది. చూచిన ప్రతి దృశ్యాన్నీ చేరవేసేవాని సంగతి ఇక చెప్పాలా?

కనుక నాలుగు విషయాలు మనసులో ఉంచుకోండి.

ఒకటి, మృతదేహానికి గౌరవం ఉన్నది. మృతుని ఎముకను విరవడం జీవించి ఉన్నవాని ఎముకను విరవడం వంటిదని ప్రవక్త (స) బోధించారు. స్నానం చేయించేటప్పుడు కూడా మనం మృతదేహంపై వస్త్రం కప్పి ఉంచుతాము. అటువంటి దేహాన్ని నెత్తుటి మడుగులో, చిరిగిన దుస్తులలో వేలమందికి ఎలా చూపుతాము? అటువంటి వీడియో వస్తే తెరవకండి, పంపకండి, తుడిచివేయండి. అది నేరానికి సాక్ష్యం అయితే పోలీసులకు, న్యాయస్థానానికి అందించండి. గ్రూపులు న్యాయస్థానాలు కావు.

రెండు, పీడితుల బాధను తెలుసుకోవడం మన బాధ్యతే. పాలస్తీనా పసిపిల్లల గోడు వినకుండా చెవులు మూసుకోమని మేము అనడం లేదు. తెలుసుకోవడానికి చూడడం వేరు, చూడడానికే చూడడం వేరు. చూచాక మీ చేయి దువాకు లేచిందా, దానం చేయడానికి కదిలిందా, లేక తరువాతి వీడియో కోసం తెరను పైకి జరిపిందా? ఆ చేయే సాక్ష్యం చెబుతుంది.

మూడు, రోడ్డుపై ప్రమాదం జరిగినప్పుడు ఫోన్ తీయవలసింది 108కి పిలవడానికి. కేసులలో ఇరుక్కుంటామన్న భయం వద్దు. గాయపడినవారికి సాయపడేవారిని వేధించరాదని 2016లో సుప్రీంకోర్టు మార్గదర్శకాలను ఆమోదించింది. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేసిన సవరణ కూడా వారికి రక్షణ కల్పించింది. ఒక ప్రాణాన్ని కాపాడినవాడు సమస్త మానవాళిని కాపాడినవానితో సమానమని ఖుర్‌ఆన్ భావం. ఆ ఘనతను పది సెకన్ల వీడియో కోసం వదులుకోవద్దు.

నాలుగు, మీ పిల్లలు. వారి చేతినుండి ఫోన్ లాగివేసి అరవడం సులభం. అరుపు కూడా వారు చూచే హింసలో మరొక ముక్కే అవుతుంది. వారి ప్రక్కన కూర్చోండి. “ఏం చూశావు నాన్నా? అది చూస్తే నీకు ఏమనిపించింది?” అని అడగండి. కిందపడినవానికి కూడా ఒక అమ్మ ఉంటుందని చెప్పండి. ఇషా తరువాత ఇంట్లో ఎవరి చేతిలోనూ తెర లేని ఒక గంటను నియమించండి. ఆ నియమం ముందుగా తండ్రికి వర్తించాలి. ఎదుటివానిని పడవేసేవాడు బలవంతుడు కాడనీ, కోపం వచ్చినప్పుడు తనను తాను నిగ్రహించుకునేవాడే బలవంతుడనీ దైవప్రవక్త (స) బోధించారు. ఆ బలవంతుణ్ణి పిల్లలు తెర మీద చూడలేరు. ఇంట్లో, మీలో చూడాలి.

ఓ అల్లాహ్! మా రెండవ చూపులను క్షమించు. నీ గృహాలలో నీ ముందు నిలబడి ప్రాణాలు విడిచినవారికి ఉన్నత స్థానం ప్రసాదించు. వదంతులకు బలైన నిరపరాధుల విషయంలో మమ్మల్ని నిలదీయకముందే మాకు పశ్చాత్తాపాన్ని ప్రసాదించు. మా కళ్ళకు సిగ్గునూ, మా హృదయాలకు మెత్తదనాన్నీ, మా చేతులకు సాయపడే శక్తినీ ఒసగు. మా పిల్లలను నెత్తుటి రుచి ఎరుగనివారిగా పెంచే భాగ్యాన్ని మాకు కలిగించు.

ఆమీన్, యా రబ్బల్ ఆలమీన్.