రిపోర్టులో అంకెలు చదువుకుందాం
(తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



లివరు జబ్బనగానే మన ఊళ్లలో ముందు వచ్చే మాట 'తాగుడు'. అదే జబ్బు ఆడమనిషికొస్తే గుసగుసలు మొదలవుతాయి. ఆ మాట పడలేక రిపోర్టును చీరల మడతల్లో దాచుకునేవాళ్లున్నారు. చుక్క ముట్టనివాళ్ల కాలేయంలోనూ కొవ్వు చేరుతుంది. నడుం లావు, షుగరు, బీపీ, రక్తంలో కొవ్వు - వీటితో కలిసి నడిచే జబ్బిది. అందుకే 2023లో అంతర్జాతీయ కాలేయ వైద్య సంఘాలు పాత పేరు తీసేసి, జీవక్రియ లోపంతో వచ్చే జబ్బని కొత్త పేరు పెట్టాయి.

ఇది మన సమస్య ఎందుకైంది? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల స్త్రీలలో మూడోవంతుకు పైగా అధిక బరువున్నవారే. మూడు పూటలా పాలిషు పట్టిన సన్నబియ్యం, మిగిలిన అన్నంతో సరిపెట్టుకోవడం, నడవడానికి తీరిక లేకపోవడం - ఇవి ఆడవాళ్ల తిండిపోతుతనం కాదు, బతుకు తీరు. మరొకటి కూడా ఉంది. గర్భసంచి తీయించుకున్న స్త్రీలు దేశంలోకెల్లా మన రాష్ట్రంలోనే ఎక్కువని అదే సర్వే చెప్పింది. దానితోపాటు అండాశయాలు కూడా తీసేస్తే, కాలేయానికి రక్షణగా ఉండే ఈస్ట్రోజన్ ఒక్కసారిగా పడిపోతుంది. ఆపరేషను ముందు ఈ సంగతి మనకెవరు చెబుతున్నారు?

ఇక రక్తపరీక్షల మాట. ఎస్‌జీపీటీ నార్మల్‌గా ఉంటే భయం లేదనుకుంటాం. అది పొరపాటు. వయసు, ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ, ప్లేట్‌లెట్లు - ఈ నాలుగింటితో 'ఫిబ్-4' అనే లెక్క ఉంది. వయసును ఎస్‌జీఓటీతో గుణించాలి. ప్లేట్‌లెట్లను వేలలో తీసుకుని, ఎస్‌జీపీటీ వర్గమూలంతో గుణించాలి. మొదటిదాన్ని రెండోదానితో భాగించాలి.

ఒక ఉదాహరణ చూద్దాం. వయసు 54, ఎస్‌జీఓటీ 40, ఎస్‌జీపీటీ 36, ప్లేట్‌లెట్లు 1,20,000. పైన 54 × 40 = 2160. కింద 120 × 6 = 720. జవాబు 3. ఆ రెండు ఎంజైములూ చాలా ల్యాబుల్లో నార్మల్ కిందే లెక్క. కాని ఫిబ్-4 1.3 లోపుంటే ప్రమాదం తక్కువ, 2.67 దాటితే కాలేయం గట్టిపడి మచ్చలు పడుతున్నాయేమోనని అనుమానించాలి. 65 దాటినవారికి కింది హద్దు 2. 35 లోపు వారికి ఈ లెక్క నమ్మకమైనది కాదు. డెంగీలోనూ ప్లేట్‌లెట్లు తగ్గుతాయి కాబట్టి, ఇది జబ్బు తేల్చే పరీక్ష కాదు. ఫైబ్రోస్కాన్ అవసరమా అని డాక్టరును అడగడానికి మన చేతిలో ఉన్న ఆధారం.

2021లోనే కేంద్ర ప్రభుత్వం ఈ జబ్బును మధుమేహం, గుండెజబ్బుల జాతీయ కార్యక్రమంలో చేర్చింది. 30 దాటినవారికి ఆశ కార్యకర్త నింపే ఫారంలో నడుం కొలత ఉంది. స్త్రీలకు హద్దు 80 సెంటీమీటర్లు. ఆ కొలత నిజంగా తీస్తున్నారా? తీశాక రక్తపరీక్షకు పంపుతున్నారా? ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అడగాల్సింది మనమే.

బరువులో నూటికి 7 నుంచి 10 పాళ్లు తగ్గితే కాలేయంలో కొవ్వూ వాపూ తగ్గుతాయి. దానికి పప్పు, కూర పెంచి అన్నం తగ్గించాలి. రోజూ అరగంట నడవాలి. ఆ అరగంట వంటపని ఇంట్లో ఇంకొకరు చెయ్యాలి. ఈ మాట కూడా ఇళ్లలో చర్చకు పెట్టండి.

వచ్చే సమావేశానికి ఒక టేపు, మీమీ రక్తపరీక్షల కాగితాలు తెచ్చుకోండి. కూర్చుని లెక్క వేసుకుందాం.