న్యాయవాద సంస్థలలో జ్ఞానభాండారము



న్యాయవాద సంస్థ చేపట్టు ప్రతి వ్యాజ్యము గడువులతో కూడిన కార్యము. 1963 నాటి కాలపరిమితి చట్టము ననుసరించి సివిలు డిక్రీపై అప్పీలు హైకోర్టునందు 90 దినములలోను, ఇతర న్యాయస్థానములందు 30 దినములలోను దాఖలు కావలెను. డిక్రీ నకలు పొందుటకు పట్టిన కాలము ఇందు లెక్కకు రాదు. తగిన కారణము చూపలేక గడువు దాటించినచో కక్షిదారుని అప్పీలు హక్కు నశించును.

ఇట్టి లెక్క ఒక్క గుమాస్తా జ్ఞాపకమందే యున్నచో, అది అతనితోనే వెడలిపోవును. కావున ముగిసిన ప్రతి వ్యాజ్యము నుండి పనికివచ్చిన తీర్పులను, దస్తావేజుల నమూనాలను, పట్టిన దినములను, జరిగిన పొరపాట్లను వ్రాసి, కక్షిదారుల రహస్యములకు భంగము రాకుండ, విషయసూచికతో భద్రపరుపవలెను. అప్పుడు క్రొత్త వ్యాజ్యమునకు వలయు కాలమును, వ్యయమును, పనివారిని ముందుగానే నిర్ణయింపవచ్చును.

పట్టికకెక్కని గ్రంథము ఎంత అమూల్యమైనను పాఠకునకు అందదు. వ్రాసి యుంచని అనుభవమును అట్టిదే.