సి.బి. రేడియో స్తంభము – స్థానబలము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఊరి లెక్కలు వ్రాసికొను నావంటివానికి ఈ వేదికపై చోటు దొరకుట ఈ గ్రంథాలయపు చలువయే. పోతనగారి భాగవతమును నేను ఏ పండితుని యొద్దను చదువలేదు. ఇచ్చటి బల్లపై నిఘంటువు ప్రక్కన పెట్టుకొని, సాయంకాలములందు కూడబలుకుకొని చదివితిని. కావున నేడు గజేంద్రమోక్షమును గూర్చి మాటాడుదునని తమరు తలచి యుందురు. కాని కార్యదర్శిగారు, "మీరు అమెరికాలో ఆరు నెలలు ఉండి వచ్చితిరి గదా, అచ్చట చూచినదానిలో మనకు పనికివచ్చునది ఒకటి చెప్పుడు" అని కోరిరి. నా మనస్సున నాటుకొన్నది ఒక రేడియో స్తంభము. దానిని గూర్చియే చెప్పెదను. గజేంద్రుడు నడుమ తానే వచ్చును.

మా అమ్మాయి కాపురము టెక్సాసు రాష్ట్రములో ఒక చిన్న పట్టణపు పొలిమేరను. ప్రక్కయింటి పెద్దమనిషి ముప్పది యేండ్లు లారీ నడిపి విశ్రాంతి తీసికొన్నవాడు. ఆయన యింట సి.బి. రేడియో కలదు. సి.బి. యనగా సిటిజన్స్ బ్యాండ్. పౌరుల రేడియో యనుకొనవచ్చును. మన యింటి రేడియో వినుటకు మాత్రమే. ఇది వినుటకును, బదులు పలుకుటకును గూడ. 27 మెగాహెర్ట్‌జ్‌ల ప్రాంతమున ఈ సేవను ఆ దేశ ప్రభుత్వము 1958లో ఏర్పరచెను. 1977 నుండి దానికి 40 ఛానెళ్లు. 9వది ఆపదలకు కేటాయింపబడినది. 19వ దానిలో లారీవారు దారి మంచిచెడ్డలు చెప్పుకొందురు. చేతిఫోనులు వచ్చిన పిదప దీని వాడుక తగ్గినది. అయినను గాలివానకు ఫోను టవర్లు మూగవోయినపుడు ఇది పలుకును.

అట్టి గాలివానకే ఆయన పాత యాంటెన్నా విరిగెను. క్రొత్తది ఎన్నుకొనుటలోను, నిలుపుటలోను మా అల్లుడును నేనును తోడుపడితిమి.

ముందు ఎన్నిక సంగతి. సాధారణ పద్ధతిలో పలుకుటకు చట్టము అనుమతించు శక్తి 4 వాట్లు మాత్రమే. మన వాకిట వెలుగు దీపము అంతకంటె ఎక్కువ తినును. అంత స్వల్పశక్తి ఊరు దాటి పోవలెనన్న యాంటెన్నాయే ఆధారము. మడుగులో నుండుటచేతనే గదా మొసలి అంతటి ఏనుగును పట్టి నిలిపినది! ఇచ్చటను స్థానబలమే బలము.

తరంగము నిడివిని బట్టి యాంటెన్నా నిడివి. 300ను 27చేత భాగింపుడు. 11 మీటర్ల చిల్లర వచ్చును. అందులో నాలుగవ వంతు 2.75 మీటర్లు, సుమారు 9 అడుగులు. ఈ పొట్టి యాంటెన్నా చవుక; కాని దాని మొదట గొడుగు ఊచలవలె నాలుగు కమ్ములు క్రిందికి వాలి యుండవలెను. అవి లేనిచో పని సరిగా చేయదు. సగము నిడివిది 18 అడుగులు. అది పెద్ద కమ్ములు లేకయే నిలుచును, తేలిక. ఎనిమిదింట ఐదు వంతులది 22 అడుగులు దాటును. అది మాటను దిగంతమువైపు మరికొంత ఎక్కువగా తోయును గాని, బరువెక్కువ, గాలికి ఊగును. పెట్టెలమీద అచ్చువేసిన పెద్ద అంకెలను ఆయన చూడనే లేదు. "ఈ ఊరి గాలికి నిలుచునది, ముగ్గురము ఎత్తగలది కావలెను" అని సగము నిడివిది, ఫైబర్ గ్లాసుది తీసికొనెను.

ఎత్తునకును ఒక లెక్క కలదు. యాంటెన్నా ఎత్తును మీటర్లలో కొలిచి, వర్గమూలము తీసి, నాలుగుచేత హెచ్చించినచో, చదునునేలపై రేడియో చూపు ఎన్ని కిలోమీటర్లు ఆనునో సుమారుగా తెలియును. 9 మీటర్లకు 12 కిలోమీటర్లు. ఎదుటివాని యాంటెన్నా ఎత్తు దీనికి తోడగును. కాని ఈ చూపు రెట్టింపు కావలెనన్న ఎత్తు నాలుగు రెట్లు కావలెను, అనగా 36 మీటర్లు. చట్టమో, సాధారణముగా నేలనుండి 60 అడుగులు, అనగా 18 మీటర్ల చిల్లర, దాటనీయదు. కావున అత్యాశ పనికిరాదు.

ఇక నిలుపుట. ఇంటి వెనుక చిన్న మిట్ట కలదు. నేను దానిని చూపి, "ఇదియే తగిన చోటు" అంటిని. ఆయన మారుపలుకక వ్రేలితో పైకి చూపెను. అచ్చటికి 15 మీటర్లలో విద్యుత్తు తీగలు పోవుచున్నవి. ఇనుప గొట్టము 6 మీటర్లు, యాంటెన్నా ఐదున్నర, మొత్తము పదకొండున్నర. తీగలకు దూరము దానికి రెట్టింపయినను, అనగా 23 మీటర్లయినను ఉండవలెననెను. మిట్టను విడిచి, ఇంటికి ఆవలి పల్లపు చోటు గుర్తుపెట్టెను.

నేను మాట రాక నిలిచిపోతిని. కారణము ఈ సభలోని పెద్దలకు తెలియును. నా నోట చెప్పుట ఇదే మొదలు. 1987లో ఆదివారములందు దూరదర్శన్‌లో రామాయణము వచ్చుచుండెను. మా వీధికంతకును ఒకటే టి.వి. బొమ్మ సరిగా రాలేదని మా పెదనాన్నగారి అబ్బాయియు నేనును డాబా యెక్కి యాంటెన్నా గొట్టమును ఇంకొక చోటికి మార్చబోయితిమి. నిలువుగా ఎత్తితిమి. పైబరువుకు అది వీధివైపు వాలెను. నా చేయి జారినది. అన్న వదలలేదు, పడి పాడగునని గట్టిగా పట్టుకొనెను. గొట్టము 11,000 వోల్టుల తీగకు తగిలెను. అన్నకు అప్పటికి పందొమ్మిదేండ్లు. ఆ ఆదివారము మా వీధిలో ఎవరును రామాయణము చూడలేదు.

ఇట్టి చావులు అమెరికాలోను అనేకము జరిగినవట. అందుచేతనే యాంటెన్నాలపైనను, గొట్టములపైనను హెచ్చరిక చీటీ ఉండవలెనని 1978లో నియమము చేసిరి. అన్ని దిక్కులకు పలుకు సి.బి. యాంటెన్నాలు తీగకు తగిలినను పట్టుకొన్నవాడు మరణింపకుండ తగిన తొడుగుతో చేయవలెనని 1983లో మరియొక నియమము అమలులోనికి వచ్చెను. "తొడుగును నమ్మవద్దు, దూరమును నమ్ముడు" అని ఆ పెద్దమనిషి మాట.

గాలి లేని ఉదయమున పని మొదలిడితిమి. గొట్టమునకు మూడు దిక్కుల, సమానమైన ఎడముతో, లాగుతీగలు కట్టుటకు ముందే గుంజలు నాటితిమి. ఎత్తుటకు ముందు ఆయన మమ్ము నిలిపి, "ఇది పడబోయినచో ఆపవద్దు, వదలి దూరముగా పొండు, యాంటెన్నా మరల కొనవచ్చును" అనెను. మా అల్లుడు నాకు తెలుగున చెప్పుచుండగా నా కన్నులు నిండినవి. "ఏమైనది మామయ్యగారూ?" అని అతడడిగెను. "ఎండ" అంటిని.

పల్లపు చోటు గనుక కేబుల్ 30 మీటర్లు పట్టినది. సన్నని ఆర్.జి. 58 రకమైనచో అంత నిడివిలో శక్తి మూడవ వంతుకు పైగా దారిలోనే ఖర్చగును. లావు ఆర్.జి. 8 రకమున సుమారు ఐదవ వంతే పోవును. రెండవది వాడితిమి. అతుకులలోనికి వాననీరు పోకుండ టేపు చుట్టితిమి. స్తంభము మొదట ఎనిమిదడుగుల కడ్డీని భూమిలోనికి దింపి, లావు రాగితీగతో కలిపి, ఆ తీగను ఇంటి ఎర్తుతోను జోడించితిమి. కేబుల్ ఇంటిలోనికి ప్రవేశించు చోట పిడుగు నిరోధకము అమర్చితిమి. అయినను ఉరుము వినక ముందే కేబుల్ ఊడదీయుట ఆయన అలవాటు.

కడపట మీటరు పెట్టి చూచితిమి. బోదెలో పారిన నీరు మడికి పోక వెనుకకు తన్నునట్లు, యాంటెన్నా నిడివి కుదరనిచో శక్తి వెనుకకు మరలును. మీటరు ముల్లు 3 చూపినచో నాలుగవ వంతు తిరిగి వచ్చినట్లు. అప్పుడు పలుకరాదు, యంత్రము చెడును. 1.5కు లోపల నుండుట మేలు. 1వ ఛానెలులో ఎక్కువ, 40వ దానిలో తక్కువ చూపినచో యాంటెన్నా పొట్టి, తారుమారైనచో పొడుగు. రెండు సార్లు సవరింపగా కుదిరినది. ఆయన మైకు నొక్కి పిలిచెను. కొంతసేపటికి పది కిలోమీటర్ల ఆవలనుండి ఒక రైతు బదులు పలికెను.

ఇది విని మన కుర్రవాండ్రు రేపే డాబాపై స్తంభమెత్తరాదు. మన దేశమున ఈ బ్యాండుకు 2005లో ఇచ్చిన మినహాయింపు 5 వాట్ల లోపు, యాంటెన్నా తనలోనే ఇమిడిన పరికరములకే. బయట యాంటెన్నా నిలుపగోరువారు ముందుగా కేంద్ర ప్రభుత్వమువారి అనుమతి విషయము విచారించుకొనవలెను.

కాని స్తంభములెత్తు పని మనకు లేదా? బోరు గొట్టములు పైకి లాగుదుము, ఇనుప నిచ్చెనలు మోయుదుము, ఫ్లెక్సీలు కట్టుదుము, పొడవైన గడతో మామిడికాయలు కోయుదుము. నిన్న ఈ పందిరి గుంజలు నాటునపుడు, ప్రతి గుంజకును నేను తల యెత్తి తీగలను చూచుచుంటినని పిల్లలు నవ్విరి. నవ్వనిండు. గజేంద్రుని మొర వినుటకు శ్రీహరి పరుగున వచ్చెను. తీగ తగిలినవానికి మొరపెట్టు వ్యవధియే ఉండదు. కావున గొట్టము చేతపట్టినవారు ముందు పైకి చూడుడు, దూరము కొలువుడు, వాలినచో వదలిపెట్టుడు.