చరిత్రకు వార్షిక ఇంక్రిమెంటు లేదు
(పింఛనుదారుల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ముప్పై ఏళ్ళకు పైగా గుమాస్తాగిరీ చేసినవాణ్ణి. సర్వీసు రిజిస్టర్లలో ఏటా ఇంక్రిమెంట్లు రాసి రాసి, లోకం కూడా ఏటా ఒక మెట్టు దానంతటదే ఎక్కుతుందని నమ్మాను. తాతల కంటే మనం మెరుగు, మన కంటే పిల్లలు మెరుగు, కనుక మనవలు ఇంకా మెరుగు. ఇదీ నా లెక్క.

1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు పింఛను దయాదానం కాదు, హక్కు అన్నది. ఇక వెనక్కి పోయేది లేదనుకున్నాను. ఇరవై రెండేళ్ళు నిండకుండానే, మన రాష్ట్రంలో 2004 సెప్టెంబరు 1 నుంచి కొత్తగా చేరేవారికి పాత పింఛను పోయింది. 2006లో ఉద్యోగంలో చేరిన మా అబ్బాయి అడిగాడు: “నాన్నా, అప్పుడు మీరంతా ఏం చేశారు?” నా పింఛను భద్రమే కదా అని నేను ఒక్క మహజరు మీద కూడా సంతకం పెట్టలేదు. జవాబు చెప్పలేకపోయాను.

నా లెక్కలో తప్పులు మూడు.

మొదటిది, ఇంతవరకు పెరిగింది కనుక ఇకముందూ పెరుగుతుందనడం. పోకడ వేరు, నియమం వేరు అని కార్ల్ పాపర్ అనే తత్త్వవేత్త 1957లో వెలువడిన తన గ్రంథంలో వివరించాడు. అనుకూలించిన పరిస్థితులు మారితే పోకడా మారుతుంది.

రెండవది, ముందడుగును రుజువుగానూ, వెనకడుగును “తాత్కాలికం” గానూ రాసుకోవడం. జమలే రాసి ఖర్చులు వదిలేసిన క్యాష్ బుక్కును ఏ ఆడిటరు ఒప్పుకుంటాడు?

మూడవది, చేసినవారిని మరచి ఘనతంతా కాలానికి కట్టబెట్టడం. మశూచి నిర్మూలనమైందని 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. కాలం గడిచినందువల్ల అది పోలేదు. రోగి ఉన్న ఊరల్లా వెదికి, చుట్టుపక్కలవారికి టీకాలు వేసిన సిబ్బంది వల్ల పోయింది. వారిలో మనబోటి చిరుద్యోగులెందరో!

అలాగని అంతా క్షీణిస్తోందనడం లేదు. అదీ ఇదే తప్పు, తిరగేసి రాసినది. 2025 ఏప్రిల్ 1 నుంచి కేంద్ర ఉద్యోగులకు ఏకీకృత పింఛను పథకం ఎంచుకునే వీలు కలిగింది. అది పాత పింఛనుకు సమానం కాదు గాని, ఆ మాత్రమైనా ఉద్యోగులు ఏళ్ళ తరబడి అడగ్గా వచ్చిందే.

మనందరికీ తెలిసిన సంగతే. ఇంక్రిమెంటు కూడా తనంతట రాలేదు. ఎవరో ఒక గుమాస్తా నోటు పెడితేనే వచ్చింది. పిల్లల కోసం ఆ నోటు పెట్టవలసింది ఇప్పుడు మనమే. ఈసారి సంతకాల పత్రం వచ్చినప్పుడు మొదటి వరుసలో నా పేరుంటుంది.