దిగుట సులభము

అమెరికాలోని అరిజోనా రాష్ట్రమందు కొలరాడో నది లక్షల సంవత్సరములు రాతిని కోసి మైలు లోతు లోయ చేసినది. అదియే గ్రాండ్ కాన్యన్.

కొండ నెక్కువాడు ముందు అలసి, పిదప సుఖముగా దిగును. ఇచ్చట అది తలక్రిందు. ఉదయపు చల్లదనములో నవ్వుచు దిగితిమి. 4½ మైళ్ళు నడచి హవాసుపాయి తోటలోని చెట్లనీడ చేరితిమి. నదికి ఇంకను 3 మైళ్ళకు పైగా కలదు. వెంటవచ్చిన యువకుడు పోవుద మనెను.

వేసవిలో అడుగున వేడిమి ఫారన్‌హీటు 100 డిగ్రీలు దాటును. నదికి దిగి ఒక్క దినములోనే మరల ఎక్కబూనవలదని అచ్చటి అధికారుల హెచ్చరిక. వినక ప్రాణములు గోల్పోయినవారు కలరు. నదిని చూడకయే మరలితిమి.

దిగిన కాలమునకు రెండింతలు ఎక్కుటకు పట్టెను. పైకి చేరి, క్రిందికి చూచి, ఆ యువకుడు మాటాడక నాకు నమస్కరించెను. తిరుగుదారికి బలము మిగుల్చుకొనుటయే ప్రయాణపు తెలివి.