యువజన నాటకములు – సంఘన్యాయము

(పెందుర్తి వార్షిక మహాసభయందు గావించిన ఉపన్యాసము)



యువజన నాటకసమాజములవలన సంఘన్యాయమున కేమి మేలు గలుగునో చెప్పుడని కార్యనిర్వాహకవర్గమువారు మమ్ము గోరిరి. మేము బాలురచే శబ్దమంజరి వల్లె వేయించుచు కాలము గడిపినవారము. ముఖమునకు రంగు పూసికొని యెన్నడును రంగస్థల మెక్కినవారము గాము. అయినను నిరుడు మన పెందుర్తి యువకులు ప్రదర్శించిన నాటకమునకు సలహాదారుగ నుంటిమి. అప్పుడు మేము చేసిన యొక తప్పును ఈ సభయందు చెప్పుకొనుటయే మా యుపన్యాసమునకు ముఖ్యప్రయోజనము.

మన యూరి స్టేషనున రైలెక్కి కొత్తవలస దాటి పోయినచో విజయనగరము వచ్చును. 1892వ సంవత్సరమున అచ్చట జగన్నాథవిలాసినీ సభవారు గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కమును ప్రథమమున ప్రదర్శించిరి. అంతకు పూర్వమే విజయనగర మహారాజు ఆనందగజపతివారు, విశాఖపట్టణ మండలమున బ్రాహ్మణకుటుంబములలో మూడేండ్లయందు జరిగిన శుల్కవివాహములకు పట్టిక వ్రాయించిరి. అప్పారావుగారు తమ పీఠికలో నా లెక్కను పొందుపరచినారు. మొత్తము వివాహములు 1,034. అందు అయిదేండ్ల బాలికలకు జరిగినవి 99, నాలుగేండ్లవారికి 44, మూడేండ్లవారికి 36, రెండేండ్లవారికి 6, ఒక్క యేటి శిశువులకు 3!

అట్టి పట్టిక చదువుకొన్న నలుగురికే తెలియును. నాటకము దానిలోని దుఃఖమును చదువురానివారి చెవికిని చేర్చెను. అందులకే అప్పారావుగారు జనులు మాటలాడు భాషలోనే పాత్రలచే పలికించిరి. గ్రాంథికమున ప్రసంగించు మేమీ మాట నొప్పుకొనుట వింతగ దోచవచ్చును; కాని సత్యము సత్యమే. మరియొకటి గమనింపుడు. వారు రంగస్థలమున కెక్కించినది పరుల దోషమును గాదు. తాము పుట్టిన కులముయొక్క దోషమును.

1929లో బాల్యవివాహ నిరోధక శాసనము వచ్చెను; 2006లో అంతకంటె కఠినమైన శాసనము వచ్చెను. కన్యను విక్రయించు నాచారము సన్నగిల్లి, వరుని విక్రయించు నాచారము ప్రబలెను. ఈ దురాచారముపైననే కాళ్లకూరి నారాయణరావుగారు వరవిక్రయమును రచించిరి. 1939లో నది చలనచిత్రమయ్యెను. అందలి కాళింది పాత్రతోడనే భానుమతిగారు తెరపై ప్రథమమున కానవచ్చిరి. 1961లో వరకట్న నిషేధ శాసనము పుట్టినది. దానికి అరువదియేండ్లు నిండినను, ఓడరేవునగాని ఉక్కు కర్మాగారమునగాని స్థిరోద్యోగము గల వరుని కింత యని మన పెండ్లిమాటలలో నేటికిని ధర పలుకుచునే యున్నది.

మన యువకులు నిరుడా వరవిక్రయమునే యెన్నుకొని, పగలు పనులకు బోయివచ్చి, రాత్రులు పాఠములు వల్లించిరి. ప్రదర్శనకు రెండుదినములు ముందుగా చందా లిచ్చిన పెద్ద యొకరు వచ్చి, "కట్నము బేరమాడు రంగమును తీసివేయుడు, ముందు వరుసలోనివారు నొచ్చుకొందురు" అనిరి. కుఱ్ఱవాండ్రు మా మొగము చూచిరి. "పెద్దలమాట వినుడు, తీసివేయుడు" అని మేమే చెప్పితిమి.

ప్రదర్శనము చక్కగనే సాగెను, చప్పట్లు మ్రోగెను. కాళింది మరణించిన పిమ్మట మా ప్రక్కను కూర్చుండిన వృద్ధురాలు, "ఆ గుంట పేనమెందుకు తీసుకున్నాది, పంతులు బాబూ?" అని యడిగెను. మేమేమి చెప్పగలము? ఆ ప్రశ్నకు ప్రత్యుత్తరమును కత్తిరించినవారము మేమే గదా! సభకు ముఖ్యకారణమును కూడ విన్నవించెదము. మా జ్యేష్ఠపుత్రుని వివాహమున కట్నము పుచ్చుకొన్నవారము మేము. ఆ రంగమున మా మొగమే మాకు గానవచ్చునని భయపడితిమి. పెద్దల పేరు సాకు మాత్రమే.

నాట్యశాస్త్ర ప్రథమాధ్యాయమున నొక కథ గలదు. ఇంద్రధ్వజోత్సవమున దేవతలు దైత్యులను జయించిన కథను భరతపుత్రులు ప్రదర్శింపగా, దైత్యులకు కోపము వచ్చెను. విఘ్నములు నటుల వాక్కును, చేష్టను స్తంభింపజేసెను. పిమ్మట బ్రహ్మ నాట్యగృహమును కట్టించి, దైత్యులను పిలిచి, నాట్యము మిమ్ము నిందించుటకు పుట్టినది గాదనియు, ముల్లోకముల నడవడి యందు గానవచ్చుననియు సాంత్వనము జెప్పెను. ఆటను మాన్పింపలేదు, కథను కత్తిరింపలేదు, నొచ్చినవారిని ప్రేక్షకులుగ కూర్చుండబెట్టెను. ఈ యధ్యాయమును చదివియు మేము విఘ్నములపక్షమున జేరితిమి!

1947 నాటి మా భూమి నాటకమున సుంకర, వాసిరెడ్డిగార్లు తెలంగాణ రైతులకు దొరలు చేసిన యన్యాయమును చూపిరి. ప్రజానాట్యమండలివారు దాని నూరూర నాడిరి. మనకు జరిగిన యన్యాయమును చూపుట యవసరమే. కాని మనము చేయు నన్యాయమునుగూడ చూపనిచో సంఘన్యాయ మను మాటకు సగమే యర్థము.

కావున మా మనవి మూడు. చందా యిచ్చినవారికి ముందువరుసలో కుర్చీ యిండు. కలము మాత్రము చేతి కీయకుడు. కాళింది, కమల పాత్రలను మన బాలికలే ధరింతురుగాక; దుఃఖ మెవరిదో మాటయు వారిదే కావలెను. ప్రదర్శనము మన వీధికే పరిమితము చేయక యన్ని పేటలవారిని పిలిచి, యొక్క చాపపైననే కూర్చుండబెట్టుడు. న్యాయమును గూర్చిన యాటలో ఆసనభేదము తగదు.

యువకులారా! వచ్చు మహాసభలో వరవిక్రయమును మరల నాడుడు. బేరపు రంగమును పూర్తిగ నాడుడు. మేము ముందువరుసలో కూర్చుండెదము. మా కుమారుని, కోడలిని గూడ మా ప్రక్కనే కూర్చుండబెట్టుకొందుము. ఆ వృద్ధురాలిని పిలుచుకొని వచ్చు భారమును మాదే.